సెక్రటరీ పిన్ని సగం మీసం

నా చిన్నప్పుడు నాకు మీసం ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే నెలకు రెండుసార్లు ఉండదు. ఆడపిల్లకు మీసమేమిటమ్మా అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్లలో సగంమంది పైపెదవి సంగతి నాకు తెలుసు. మిగతా సగంమందిది ఊహించగలను. ఇదేమీ తాతల కాలం నాటి ముచ్చట కాదు, నాకింకా ముప్పై రాలేదు. అయితే మా ఇంట్లో పెద్దవాళ్లందరూ తమ చిన్నతనాలు చెప్పీ చెప్పీ అలిసిపోయారు కాబట్టి ఇప్పుడు వంతు నాది.

అప్పుడు నాకు పదమూడేళ్లు. ఝపటాపూర్‌లో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరసలో ఉండేవాళ్లం. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నా మీసం నాయనమ్మ వైపునుంచి వచ్చిందని అమ్మ, కాదు అమ్మ వైపునుంచే వచ్చిందని నాయనమ్మ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఏ ఆస్తినీ మనుషులు అంత ఉదారంగా ఎదుటివాళ్లకు వదిలిపెట్టరు. అమ్మ వైద్యం శనగపిండి, పసుపు, పాలమీగడ. నెల రోజులు రుద్దితే వెంట్రుకలు రాలిపోతాయని ఎవరో చెప్పారట. నెల రోజులు రుద్దాక మీసం పోలేదు, దానికి బంగారు రంగు వచ్చింది. ఎండలో నిలబడితే తళుక్కుమనేది.

బడిలో అంతకంటే గౌరవంగా చూసుకునేవారు. మా రైలు ఊళ్లో మీసమంటే గార్డు, గార్డంటే మీసం. నేను వరండాలో నడిస్తే ఎవడో ఒకడు ఆకుపచ్చ రుమాలు ఊపి, "గార్డుబాబూ, గాడీ ఛోడో" అనేవాడు, బండి వదలమని. మొదటిసారి విన్నప్పుడు జోకు బాగుందని మనసులో ఒప్పుకున్నాను. రెండో ఏడాది కూడా అదే జోకు వేయడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. అయినా అది బడి వరకే. సాయంత్రం సంచి భుజాన వేసుకుని మా వీధిలోకి తిరిగితే నేను మామూలు పిల్లనే. ఆ ఒక్క వీధీ మిగిలింది నాకు. దాన్ని కూడా లాగేయబోయిన మహాతల్లి సెక్రటరీ పిన్ని.

ఆవిడ నాకు చుట్టరికానికి పిన్ని కాదు, మా ఇళ్ల వరసలో అందరికీ పిన్నే. మా ఇళ్లవాళ్లు చేసుకునే దసరా కమిటీకి సెక్రటరీ. సంవత్సరంలో పది రోజులు ఉండే పదవిని మూడువందల అరవై ఐదు రోజులూ మోసేది. ఎవరినైనా కించపరిచే ముందు, "సూడమ్మా, నాను మొహమాటం నేని మనిషిని" అని హెచ్చరిక ఇచ్చేది, రైలు కూత వేసినట్టు. కూత వినపడ్డాక పట్టాల మీద నిలబడితే తప్పు మనదే కదా.

దసరా సప్తమి సాయంత్రం పందిట్లో పిల్లలతో అమ్మవారి నాటకం వేయించడం ఆనవాయితీ. ఆ ఏడు విశ్వకర్మ పూజ అయిన మర్నాడు, వేషాలు పంచడానికి పిన్ని పిల్లలందరినీ, తల్లులతో సహా, తన వాకిట్లో కూర్చోబెట్టింది. సింహం, దేవతలు, అమ్మవారు అయిపోయారు. రాక్షసుడి దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చూపు నా మీద ఆగింది. కూత వేసింది.

"సూడమ్మా, నాను మొహమాటం నేని మనిషిని. రాచ్చసుడు ఈ గుంటే. మీసం అతికించక్కర్నేదు, దేవుడే అతికించీసినాడు."

వాకిలంతా నవ్వింది. దేవతలు నవ్వారు, సింహం నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అందరికంటే ఆఖర్న, మర్యాద కోసం. ఆ మర్యాద నవ్వు ఉంది చూశారూ, మిగతావాళ్ల నవ్వులన్నీ కలిపినా అంత గుచ్చుకోలేదు. ఇక సప్తమినాడు ఏం జరుగుతుందో నాకు అర్థమైపోయింది. వందలమంది ముందు, లైట్ల కింద, సొంత మీసంతో నిలబడాలి. మర్నాటినుంచి ఆకుపచ్చ రుమాళ్లు మా వీధిలో కూడా ఊగుతాయి. కాబట్టి సప్తమిలోపు మీసం పోవాలి. నాటకం నుంచి తప్పుకుంటే భయపడ్డానంటారు. మీసంతో వెళ్తే మిగిలిన వీధి కూడా పోతుంది. నా పదమూడేళ్ల బతుక్కి అంతకంటే పెద్ద సమస్య రాలేదు. వచ్చే అర్హత కూడా నా బతుక్కి లేదనుకోండి.

ఆ సాయంత్రమే అమ్మ ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో ఒకామె దారాన్ని ముడివేసి, మెలితిప్పి, రెండు చేతుల మధ్య కత్తెరలా ఆడిస్తూ పైపెదవి మీద వెంట్రుకలు చకచకా పీకేసుకుంది. నవ్వుతూ పీకేసుకుంది. నేను అమ్మ కుట్టు డబ్బాలోంచి దారం తీసి అలాగే చేశాను. దారం తెగింది. మళ్లీ చేశాను, మళ్లీ తెగింది. ఇంట్లో ఇంతకంటే గట్టి దారం ఏముందా అని చూస్తే, మూలన అన్నయ్య గాలిపటం దారం చుట్టుకునే లటాయి కనిపించింది. మా ఊళ్లో విశ్వకర్మ పూజంటే గాలిపటాల పండగ. ముందురోజు పందేల్లో అరడజను గాలిపటాలను కోసిపారేసిన మాంజా దారం ఆ లటాయికి చుట్టి ఉంది. ఇంకో గాలిపటాన్ని కోయడానికి ఆ దారానికి గాజుపొడి పూస్తారనే సంగతి నాకు తెలియక కాదు. ఎన్నోసార్లు నేనే పక్కన కూర్చుని ఆ లటాయి పట్టుకున్నాను. కానీ మీసం మీదే ధ్యాస పెట్టిన మనిషికి బుర్ర ఎందుకు పనిచేస్తుంది?

ఒక్కటే లాగు. మీసం పోలేదు. దానికి ఎర్రటి అండర్‌లైన్ పడింది.

నేను అరిచిన అరుపుకి మొదట వచ్చింది అన్నయ్య, తన మాంజా పాడైందని ఏడవడానికి. తరవాత అమ్మ వచ్చింది. ఆవిడ మొహం చూసి ఒకసారి, కారణం విని ఒకసారి, రెండుసార్లు కొట్టింది. ఆ తరవాత నా రెక్క పట్టుకుని పక్కింటి అక్క దగ్గరకు లాక్కుపోయింది.

పక్కింటి అక్క వాకిట్లో కుట్టు మిషను, లేడీస్ టైలర్ అని బోర్డు ఉండేవి. వెనక గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, అద్దం, పౌడరు డబ్బా, తెల్ల నూలు దారం రీలు ఉండేవి. కనుబొమ్మలు, పైపెదవి, గడ్డం అన్నీ అక్కడే. కానీ మా వరసలో ఏ ఆడమనిషీ వెంట్రుకలు తీయించుకోవడానికి అక్క ఇంటికి వెళ్లినట్టు చరిత్రలో లేదు. అందరూ జాకెట్టు కొలతలు ఇవ్వడానికే వెళ్లేవారు. చేతిలో ఒక జాకెట్టు ముక్క ఉండాలి, అది పాసు. ముక్క కుట్టు మిషను మీద పెట్టి వెనక గదిలోకి వెళ్లడం, ఎర్రబడ్డ మొహంతో బయటికి వచ్చి అదే ముక్క చంకలో పెట్టుకుని పోవడం. పదిహేను రోజులకు మళ్లీ అదే ముక్క వచ్చేది. కుట్టకుండానే చిరిగిపోయిన జాకెట్లను నేను అక్కడే చూశాను.

అక్క నా మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జాలిపడుతుందేమోనని కళ్లనీళ్లు సిద్ధం చేసుకున్నాను.

"ఏటే, నీ మీసమేటి గాలిపటమా, మాంజాతో కొయ్యడానికి?"

అమ్మ బతిమాలింది. సప్తమిలోగా ఎలాగైనా తీసెయ్యమంది. అక్క ఒప్పుకోలేదు. తెగిన చర్మం మీద దారం పెట్టనంది. పొక్కు రాలి, కింద చర్మం గట్టిపడేదాకా ఆగాలంది. "అప్పుడైనా నాను తియ్యను పెద్దమ్మా. దీనికి సేతులున్నాయి. నేర్చుకుని అదే తీసుకుంటాది" అంది. అమ్మకు అది నచ్చలేదు, నాకు అంతకంటే నచ్చలేదు. ఆవిడకు మాత్రం మా నచ్చడాలతో పనిలేదు.

అలా రోజూ బడి అవ్వగానే అక్క వెనక గదిలో నేల మీద కూర్చోవడం మొదలైంది. మూరన్నర దారం. ఒక కొస పళ్ల మధ్య గట్టిగా పట్టుకోవాలి. మిగతాది రెండు చేతుల వేళ్లకు తగిలించి మధ్యలో మెలికలు వేయాలి. ఒక చేతి వేళ్లు విప్పితే మెలిక ఇటు పరిగెడుతుంది, రెండో చేతివి విప్పితే అటు. ఆ పరుగులో వెంట్రుక ఇరుక్కుని కుదురుతో సహా లేచివస్తుంది. మొహం జోలికి పోకుండా ముందు నా కాలి పిక్క మీదే చేయించింది. మొదటి రెండు రోజులూ వెంట్రుకలు తప్ప అన్నీ ఊడాయి. నాలుగో రోజుకు పిక్క మీద రూపాయి బిళ్లంత నున్నటి జాగా తయారైంది. దాన్ని చూసుకుని నేను పడ్డ గర్వం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అక్క పెద్దగా పాఠాలు చెప్పేది కాదు. చెప్పిన ఒక్క ముక్కా ఇది: "పగబట్టినట్టు లాగకు. తెగిపోద్ది."

ఇంకో సంగతి అక్కడే గమనించాను. దారం కొస పళ్లలో ఉన్నంతసేపూ అక్క మాట్లాడలేదు. కుర్చీలో ఉన్నావిడ మాత్రం కనుబొమ్మల పనైతే ఊరందరి మీదా మాట్లాడుతూనే ఉంటుంది. ఎదురు ప్రశ్న వేయని మనిషి దొరికితే జనం ఏదైనా చెప్పేస్తారు. పైపెదవి పనైతే అదీ ఉండదు. నాలుకతో పెదవిని లోపలినుంచి ఉబ్బించి పెట్టాలి కాబట్టి ఇద్దరికీ నోరు ఉండదు. మా వరసలో ఆడవాళ్లు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోని చోటు అదొక్కటే.

సప్తమికి నాలుగు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, సెక్రటరీ పిన్ని వచ్చింది. చేతిలో మెరూన్ రంగు జాకెట్టు ముక్క. ఆ ముక్కను ఆవిడ చేతిలో రెండో తరగతి నుంచీ చూస్తున్నాను. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది.

"కొలతలిద్దారని వచ్చినాను" అంది, అడక్కుండానే.

"ఇద్దువు గానీ కూకో పిన్నీ. మన గుంటే" అంది అక్క.

పిన్ని కాసేపు తటపటాయించింది. సాయంత్రం కమిటీ మీటింగు, పెద్దలంతా వస్తారు. వేరే దారి లేనట్టుంది, కూర్చుంది. కళ్లు మూసుకుని నాలుకతో పెదవి ఉబ్బించింది. అక్క పౌడరు అద్ది, దారం కొస పళ్లతో పట్టుకుని వంగింది. నేను నేల మీదనుంచి నోరు తెరుచుకుని చూస్తున్నాను. నా మీసం లేత గడ్డి అయితే ఆవిడది కోతకొచ్చిన చేను. ఆ చేనును ఏళ్లకేళ్లుగా ఎవరికీ తెలియకుండా కోయించుకుంటూ, నాది చూసి వాకిలంతా నవ్వించింది ఈవిడేనా అని ఆశ్చర్యపోయాను. నిజానికి ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. అలాంటివాళ్లే నవ్విస్తారు. మిగతావాళ్లకు అటువైపు చూడాలనే తోచదు.

కుడిపక్క అంతా నున్నగా అయింది. అక్క ఎడమపక్కకు వంగి, హఠాత్తుగా దారం వదిలేసి మణికట్టు పట్టుకుంది.

"ఓలమ్మో! సెయ్యి పట్టీసింది పిన్నీ."

"పట్టీడమేటి? సగమే అయింది కదే!"

"వేళ్లు కదల్టం నేదు. రెండ్రోజుల్దాకా మరి కుట్టు పని కూడా సెయ్యనేను."

"మీటింగుందే తల్లీ! ఇలగ ఎలగెల్తాను?" పిన్ని అద్దం లాక్కుని చూసుకుంది. ఒక పక్క సెక్రటరీ, ఒక పక్క గార్డుబాబు.

"ఈ గుంటకి వచ్చు. బాగానే తీస్తాది" అంది అక్క నా వైపు చూడకుండా.

పిన్ని నన్ను చూసింది, తలుపును చూసింది, మళ్లీ అద్దాన్ని చూసుకుంది. తరవాత కళ్లు మూసుకుని నాలుకతో పెదవి ఉబ్బించింది. అంతటి మొహమాటం ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు.

నేను లేచి దారం తెంపుకున్నాను. నా ఉద్దేశం గురించి అబద్ధం చెప్పను. నొప్పి పెట్టాలనే వంగాను. ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా, నిదానంగా, వాకిట్లో నవ్విన ఒక్కొక్కరి పేరుమీదా లాగాలనుకున్నాను. అమ్మ పేరు మీద రెండు. మెలిక వేసి, ఆనించి, కసిగా లాగాను. దారం పుటుక్కున తెగింది. ఒక్క వెంట్రుక రాలేదు. రెండోసారి ఇంకా కసిగా లాగాను. మళ్లీ తెగింది. పిన్ని కళ్లు తెరవలేదు కానీ, రెప్పల కిందనుంచి నీళ్లు కారడం మొదలైంది. ఆవిడ రెండు చేతులూ కుర్చీ పట్టెలను పట్టుకున్నాయి. బొటనవేలి గోరు దగ్గర పసుపు మరక. మెడ మీద చెమట. వెనక గదిలో వెంట్రుక పీకితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి, అది ఏడుపు కాదని నాకు తెలుసు. అయినా మూడంగుళాల దూరంలో అవి కళ్లనీళ్లలాగే ఉంటాయి.

ఆ మూడంగుళాల దూరంలో సెక్రటరీ ఎక్కడా కనిపించలేదు. చర్మం, గుంతలు, ఎదురు తిరిగిన నాలుగు వెంట్రుకలు, ఎవరైనా తొందరగా ముగిస్తే బాగుండునని చూస్తున్న ఒక ముసలి మొహం. ఈమాత్రం మనిషి కోసమా నేను మూడు వారాలు నిద్ర పాడుచేసుకున్నానని నా మీద నాకే అసహ్యం వేసింది. కసి పోవడం గొప్ప మనసువల్ల అనుకోకండి. ఆ మొహం నా కసికి ఆనలేదు, అంతే.

మూడో దారం తీశాను. ఈసారి తెగలేదు. నిదానించకుండా, గుంజకుండా, కాలి పిక్క మీద చేసినట్టే చేసుకుపోయాను. మధ్యలో ఒకసారి ఆవిడ నా మొహం మీదే తుమ్మింది. అది కూడా పనిలో భాగమేనట. అక్క ముందే చెప్పి ఉండాల్సింది. అయిపోయాక చల్లటి తడిగుడ్డ అద్దాను. పిన్ని అద్దం చూసుకుంది, రెండు పక్కలా తడుముకుంది. తరవాత గొంతు తగ్గించి అంది.

"అమ్మారి వేషం నీకిచ్చీమంటావేటే? ఆ పిల్లకి నాను సెప్పుకుంటాను."

ఆమాట అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. నా నోటికి వెల కడుతోంది. సప్తమినాడు లైట్ల కింద పట్టుచీరలో, కిరీటంతో నిలబడటం ఒక్క ఊఁ దూరంలో ఉంది. ఆ వేషం వేసే పిల్ల వారంనుంచి ఎనిమిది అట్టచేతులు వీపుకి కట్టుకుని, గుమ్మాలకు తగలకుండా పక్కగా నడవడం నేర్చుకుంటోంది. అక్క మణికట్టు పట్టుకుని గోడ వైపు చూస్తోంది. దారం కొస నా పళ్లలోనే ఉంది. ఉమ్మేశాను.

"వద్దు పిన్నీ. అమ్మారికి మూడు మాటలే. రాచ్చసుడికైతే రెండు పేజీల డయిలాగుంది. సచ్చిపోయేదీ నానే, అందరూ నన్నే సూస్తారు."

"మరి..." అని ఆగింది.

"ఎవురికీ సెప్పన్లే. సెప్పడానికి ఇందులో ఏటుంది?"

ఆవిడ మొహం ఎర్రబడింది, దారంవల్ల కాదు. నేను ఊరంతా చాటి ఉంటే తట్టుకునేది, నాలుగు తిట్లు తిట్టి గెలిచేది. అందులో చెప్పుకోదగ్గంత ఏమీ లేదనడాన్ని ఏం చేయాలో ఆవిడకు తెలియలేదు. జాకెట్టు ముక్క మర్చిపోయి వెళ్లిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగాక, అక్క లేచి పెరట్లోకి వెళ్లి, పట్టేసిన ఆ చేత్తోనే నిండు బకెట్టు నూతిలోంచి తోడి తెచ్చింది. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను.

"ఏటలగ సూస్తావు? తగ్గిపోనాది" అంది.

మర్నాడు అదే అద్దం ముందు కూర్చుని నా మీసం నేనే తీసుకున్నాను. పొక్కు రాలిన చోట చర్మం లేతగా ఉంటే అక్క వేలితో చూపించి అక్కడ మాత్రం ఆపించింది. చాలా నొప్పి పుట్టింది. ఉన్నదాన్ని ఉన్నట్టే ప్రేమించాలని చెప్పే పోస్టర్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. మంచిదే, ప్రేమించేవాళ్లు ప్రేమించుకోండి. నాకు అక్కర్లేదు, పీకేశాను.

దానివల్ల సప్తమినాడు చిన్న చిక్కు వచ్చింది. రాక్షసుడికి మీసం లేదు. పందిరి వెనక పిల్లలకు రంగులు వేస్తున్నది సెక్రటరీ పిన్నే. నా వంతు వచ్చింది. ఆవిడ నా పైపెదవి చూసి కాటుక డబ్బా తీసింది. వేలికి కాటుక రాసుకుని, నా గడ్డం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గీతా గీసింది. మధ్యలో ఆపి, కొస పైకి తిప్పాలా కిందికా అని అడిగింది. నిజంగా అడిగింది, నా ఇష్టమన్నట్టు. పైకి అన్నాను. ఆ రెండు పేజీలూ నేను అరిచి చెప్పాను. పది నిమిషాలు తీసుకుని చచ్చిపోయాను. అమ్మవారికి చేతులు నొప్పెట్టాయట. ఆకుపచ్చ రుమాలు ఒక్కటీ మా వీధిలోకి రాలేదు. బడిలో మాత్రం ఇంకో ఏడాది ఊపారు, జోకు మార్చకుండానే.

ఆ గదినుంచి నేను తెచ్చుకున్నది వెంట్రుకలు పీకే విద్య ఒక్కటే అనుకునేదాన్ని. ఇప్పుడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడా సెక్రటరీ పిన్నులు ఉన్నారు, కొందరు ప్యాంట్లు వేసుకుంటారు. ఎవరైనా బల్ల గుద్ది నన్ను చిన్నబుచ్చడం మొదలుపెట్టగానే నా కళ్లు వాటంతట అవే వాళ్ల మొహానికి మూడంగుళాల దగ్గరకు పోతాయి. గడ్డం గీసుకునేటప్పుడు తప్పిపోయిన వెంట్రుక, ముక్కు పక్కన గుంత, తొందరగా ముగిస్తే బాగుండునన్న చూపు. భయం అక్కడికక్కడే పోతుంది. అంతవరకు బాగానే ఉంది. వెనకాలే కోపం కూడా పోతుంది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పి తిట్టుకుందామంటే ఏమీ మిగలదు.